ముక్క తీయకూడని గడ్డ

నా మాటలు వింటూనే ఒక చిన్న పని చేయండి. బండి నడుపుతున్నవాళ్ళు, పొయ్యి మీద నూనె పెట్టినవాళ్ళు వద్దు. తీరిగ్గా కూర్చున్నవాళ్ళే చేయండి. కుడిచేతి చూపుడు వేలిని కుడి కనుబొమ మీద పెట్టి ముక్కు వైపు నుంచి చెవి వైపుకి మెల్లగా జరుపుతూ రండి. కనుబొమ అయిపోయే చోట ఎముక అంచు గట్టిగా తగులుతుంది. ఆ అంచు కింద, ఎముకకీ పై రెప్పకీ మధ్య, వేలికొనతో కొంచెం నొక్కండి. మెత్తగా ఉంది కదా? ఏమీ తగల్లేదు కదా? తగలకపోవడమే మంచిది. మీ వేలికి అవతల, ఎముకలో ఒక చిన్న గుంట ఉంది. ఆ గుంటలో బాదంకాయ ఆకారంలో, రెండు సెంటీమీటర్ల పొడవున ఒక గ్రంథి దాక్కుని ఉంది. మీరు ఉల్లిపాయ కోసినప్పుడు, సినిమా చూసి ఏడ్చినప్పుడు పొంగేది అదే. కన్నీటి గ్రంథి.

కన్నీళ్ళు ముక్కు పక్కన ఉండే మూల నుంచి వస్తాయని చాలామంది అనుకుంటారు. అది ఊట కాదు, తూము. అక్కడి నుంచి నీళ్ళు ముక్కులోకి దిగిపోతాయి. ఏడిస్తే ముక్కు చీదుకోవాల్సి రావడం అందుకే. ఆ తూము పూడుకుపోయి, ముక్కు పక్కన వాచి, చీము పట్టే జబ్బు మన ఊళ్ళలో చాలా ఎక్కువ. దాని గురించి అందరికీ అంతో ఇంతో తెలుసు. ఈ రోజు నేను చెప్పేది తూము జబ్బు కాదు, ఊట జబ్బు. కన్నీటి గ్రంథిలో పుట్టే గడ్డ. అందులోనూ కాన్సర్ కాని గడ్డ. దీని పేరు ప్లియోమార్ఫిక్ అడినోమా. పాత పుస్తకాల్లో మిశ్రమ కణితి అనేవారు. అరుదైన జబ్బు. అరుదైన జబ్బుకి ఇంత సేపు ఎందుకంటారా? వైద్యంలో మామూలుగా సరైన పని అనిపించుకునేది ఒకటి ఈ గడ్డ దగ్గర తప్పవుతుంది. ఆ మాట చెప్పడానికే వచ్చాను.

కొన్నేళ్ళ కిందట సిద్దిపేట వైపు నుంచి ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకుని కంటి డాక్టరునైన నా దగ్గరికి వచ్చింది. నిజానికి కూతురే ఆవిణ్ణి లాక్కొచ్చింది. నలభై దాటిన మనిషి. ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది.

"ఏమైందమ్మా?" అన్నాను.

"నాకేం కాలేదు సారూ. ఈ పిల్లనే ఊకుంటలేదు. కన్ను కిందికి దిగిందంటది."

"నొప్పి ఉందా?"

"నొప్పుంటే అప్పుడే రాకపోదునా సారూ."

ఈ ఆఖరి మాటలోనే సగం జబ్బు తెలిసిపోయింది. నొప్పి లేదు. ఎప్పుడు మొదలైందో తెలియదు. పైగా, రెండేళ్ళలో మూడుసార్లు కళ్ళద్దాలు మార్చింది. మార్చిన ప్రతిసారీ కొన్నాళ్ళు బాగానే ఉంటుంది, మళ్ళీ మసక. అద్దాల షాపతను కంటి పవరు పెరుగుతోందన్నాడు. పవరు దానంతట అది పెరగలేదు. వెనక నుంచి ఏదో కనుగుడ్డును నొక్కుతుంటే గుడ్డు ఆకారం మారుతోంది, దాంతో పవరు మారుతోంది. మరో సంగతి కూతురు చెప్పింది. పై అరలో ఉన్న దారపు ఉండ కోసం అమ్మ తలెత్తి చూస్తే రెండు ఉండలు కనపడుతున్నాయట. కిందికి చూసి కుట్టేటప్పుడు మాత్రం ఒకటే. కుట్టు పని ఆగలేదు కాబట్టి ఆవిడకి అది జబ్బనిపించలేదు.

కన్ను కూర్చునే ఎముక గూడు గురించి ఒక్క మాట. ఆ గూడంతా కలిపి సుమారు 30 మిల్లీలీటర్లు, అంటే ఆరు చిన్న చెంచాల నీళ్ళు పట్టే చోటు. నాలుగు వైపులా ఎముక. అందులో కనుగుడ్డు, దాన్ని తిప్పే కండరాలు, చూపు నరం, చుట్టూ మెత్తగా కొవ్వు, పైమూలన ఈ గ్రంథి. ఇరుకింట్లోకి ఇంకో మంచం తెచ్చి వేస్తే ఎవరో ఒకరు వాకిట్లోకి జరగాల్సిందే. గడ్డ పైన బయటి మూలన పెరిగితే కన్ను దానికి ఎదురు దిక్కుకి, అంటే కిందికీ ముక్కు వైపుకీ, ఆ తర్వాత ముందుకీ జరుగుతుంది. కన్ను ఎటు జరిగిందో చూస్తే గడ్డ ఎటు ఉందో తెలుస్తుంది. దీనికి మిషన్లు అక్కర్లేదు.

ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి నేను వెనక నిలబడ్డాను. తల వెనక్కి వాల్చమని, నుదుటి మీదుగా కిందికి చూశాను. మేం ఇప్పటికీ చేసే పని ఇది. ముందు నుంచి చూస్తే తెలియని తేడా పై నుంచి చూస్తే తెలుస్తుంది. ఎడమ కన్ను కనుబొమ గట్టు దాటి బయటికి కనిపిస్తోంది, కుడిది కనిపించడం లేదు. తర్వాత హెర్టెల్ అనే కొలత పరికరంతో కొలిస్తే ఎడమ కన్ను 3 మిల్లీమీటర్లు ముందుకొచ్చింది. రెండు కళ్ళ మధ్య 2 మిల్లీమీటర్ల తేడా ఉంటేనే మేం ఊరుకోం. కిందికి జరిగింది ఇంకా ఎక్కువ. ఆ మూలన వేలు పెడితే గట్టిగా, నున్నగా, గోళీ లాంటిది తగిలింది. ముందు అంచు అందుతోంది, వెనక అంచు అందడం లేదు. నొక్కితే నొప్పి లేదు. దూదిని పురి పెట్టి రెండు కణతల మీదా తాకించి, "రెండు దిక్కులా ఒక్కతీరుగనే ఉందా అమ్మా?" అని అడిగాను. ఒక్కతీరుగానే ఉందంది. చెవి ముందు, మెడ మీద బిళ్ళలు కట్టలేదు.

దూది ఎందుకంటే, కన్నీటి గ్రంథిలో పుట్టే కాన్సర్లలో ఒక చెడ్డది నరాల వెంట పాకుతుంది. దానివల్ల నొప్పి, కణత మీద తిమ్మిరి వస్తాయి. అది నెలల్లో పెరుగుతుంది. మా లెక్కలో ఒక మోటు సూత్రం ఉంది. ఏడాది పైబడి, నొప్పి లేకుండా మెల్లగా పెరిగితే అడినోమా అనుకోవచ్చు. కొద్ది నెలల్లో, నొప్పితో పెరిగితే అనుమానించాలి. మరి ఏడాదా, ఆరు నెలలా అన్నది ఎలా తెలియాలి? మనిషికి గుర్తుండదు కదా.

అందుకే ఫోటోలు అడుగుతాం. కంటి డాక్టర్లు పాత ఫోటోలు అడిగితే జనం వింతగా చూస్తారు. ఆ పిల్ల మాత్రం ఫోను తీసింది. ప్రతి ఏడాదీ బతుకమ్మ నాడు అమ్మను పూల పక్కన నిలబెట్టి ఫోటో తీసే అలవాటు ఆ అమ్మాయిది. వెనక్కి జరుపుతూ పోయాం. ఆ ఏడాది ఫోటోలో ఎడమ కన్ను బాగా కిందికి ఉంది. అంతకు ముందు ఏడాది కొంచెం. మూడో దాంట్లో, తెలిసి చూస్తే తప్ప తెలియనంత. నాలుగో ఫోటోలో రెండు కళ్ళూ సమానం. అంటే గడ్డ వయసు కనీసం మూడు బతుకమ్మలు. ఏ స్కానూ ఇవ్వలేని సమాచారం అది. ఆ పిల్ల తనకు తెలియకుండానే దాన్ని ఫోనులో దాచి పెట్టింది.

ఆ తర్వాత సీటీ స్కాన్ తీయించాం. స్కాన్లు లేని కాలంలో మామూలు ఎక్స్‌రేలో ఎముక గుంట పెద్దదైందో లేదో చూసి తృప్తిపడేవాళ్ళు. 1971లో లండన్‌లో మొదటి రోగికి సీటీ తీశాక మా పని తీరే మారిపోయింది. ఈ ఊట జబ్బులో స్కాను చదవడం పెద్ద విద్య కాదు. గడ్డ ఆకారం చూడాలి, పక్కనున్న ఎముక చూడాలి. అంతే. గ్రంథికి మామూలు వాపు వచ్చినా, లింఫోమా అనే రక్తకణాల కాన్సర్ వచ్చినా, గ్రంథి గుండ్రంగా ఉండదు. చపాతీ పిండి ముద్దను కనుగుడ్డుకి అద్దినట్టు, గుడ్డు ఒంపుని బట్టి అదీ వంగి పరుచుకుంటుంది. ఎముక జోలికి పోదు. చాలాసార్లు రెండు వైపులా ఉంటుంది. చెడ్డ కాన్సర్ అయితే ఎముక చెద పట్టిన దూలంలా కనిపిస్తుంది, అంచులు కొరికినట్టు ఉంటాయి. కొన్నిసార్లు గడ్డలో సున్నం చుక్కలు పడతాయి. అడినోమా ఈ రెండింటి లాంటిదీ కాదు. గుండ్రంగా, అంచు స్పష్టంగా ఉంటుంది. ఏళ్ళ తరబడి ఒకే చోట నీళ్ళ కుండ పెడితే మట్టి నేల కుండ అడుగు ఆకారానికి లోతు పడుతుంది చూడండి, అలా ఎముక నున్నగా లోతు పడుతుంది. విరగదు, కొరుకుడు పడదు, జాగా ఇస్తుంది.

సిద్దిపేట ఆవిడ స్కాన్‌లో సరిగ్గా ఆ కుండ గుంటే కనిపించింది.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. స్కాన్ చూసిన ఆవిడ తమ్ముడు, ఎవరో చదువుకున్నవాళ్ళను అడిగి వచ్చి, "సార్, ముందు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపండి. కాన్సరో కాదో తెలిశాక ఆపరేషన్ చేద్దురు" అన్నాడు. చాలా సబబైన మాట. ఒంట్లో వేరేచోట్ల వచ్చే చాలా గడ్డలకు నేనూ అదే చెబుతాను. మన పల్లెల్లో ఒక భయం ఉంది: గడ్డకి కత్తి తగిలితే, సూది గుచ్చితే కాన్సర్ పాకుతుందని. ఆ భయంతో రొమ్ములో గడ్డను ఏడాది దాచుకుని, ఇంక చేయి దాటిపోయాక వచ్చిన ఆడవాళ్ళను ఎందరినో చూశాను. ఆ భయం తప్పు. ముక్క తీయడం వల్లనే సరైన మందు తెలుస్తుంది. ఇన్నేళ్ళూ అందరికీ అదే చెప్పాను. ఇలా చెప్పి చెప్పి, ఈ గడ్డ దగ్గరికి వచ్చేసరికి, "లేదు నాయనా, దీన్లో ముక్క తీయకూడదు" అనాల్సి వస్తుంది. వినేవాడు ఏమనుకోవాలి?

కారణం ఇది. ఈ గడ్డ చుట్టూ ఒక పొర ఉంటుంది. చూడటానికి పండు మీది తొక్కలాగే ఉంటుంది, కానీ నిజమైన తొక్క కాదు. గడ్డ పెరుగుతూ పక్కనున్న గ్రంథిని నొక్కితే, ఆ నలిగిన కండే పల్చటి పొరలా కనిపిస్తుంది. ఆ పొరలోంచి అక్కడక్కడ చిన్న చిన్న మొటిమల్లా గడ్డ బయటికి తొంగి చూస్తుంటుంది. లోపలి పదార్థం కొన్నిచోట్ల జిగురుగా ఉంటుంది. సూదో కత్తో ఆ పొరను తెంపితే కణాలు పక్క కొవ్వులోకి రాలిపోతాయి. రాలిన చోట విత్తనాల్లా ఉండిపోతాయి. వెంటనే ఏమీ కాదు. ఐదేళ్ళకో, పదేళ్ళకో, ఒక్కోసారి ఇరవై ఏళ్ళకో మొలుస్తాయి. ఈసారి ఒక గోళీ కాదు, ద్రాక్ష గుత్తి.

ఇది ఊహ కాదు. అమెరికాలో ఫాంట్, గామెల్ అనే ఇద్దరు 1978లో లెక్క తీశారు. గడ్డను పొరతో సహా మొత్తంగా తీసినవాళ్ళలో ఐదేళ్ళలో మళ్ళీ వచ్చింది 3 శాతం మందికి. ముందు ముక్క తీసినవాళ్ళలో 32 శాతం మందికి. మరో మాట కూడా వాళ్ళే చెప్పారు. మొదటి చికిత్స అయిన 20 ఏళ్ళకు పది శాతం, 30 ఏళ్ళకు ఇరవై శాతం గడ్డలు చెడ్డ కాన్సర్‌గా మారాయని. లండన్‌లో 1805 నుంచి నడుస్తున్న మూర్‌ఫీల్డ్స్ కంటి ఆసుపత్రిలో జాన్ రైట్, ఆయన తర్వాత జెఫ్రీ రోజ్ ఇదే మార్గాన్ని గట్టిగా నిలబెట్టారు. కథ విని, కన్ను చూసి, స్కాన్ చూసి నిర్ణయించుకో. అడినోమా అనిపిస్తే ముక్క తీయకు, గడ్డను పగలనీయకుండా మొత్తం తీయి. ఎన్నో దేశాల్లో మా తరం డాక్టర్లు నేర్చుకున్నది ఈ పాఠమే.

ఈ మధ్య కొందరు, సన్నని సూదితో ముక్క తీసి, తర్వాత ఆపరేషన్లో ఆ సూది దారి కూడా కలిపి తీసేస్తే నష్టం లేదంటున్నారు. ఎటూ తేలని కేసులో నేను దాన్ని కాదనను. కానీ స్కాన్ అంత స్పష్టంగా చెబుతుంటే సూది ఎందుకు? అది మన తొందర తీరడానికే గాని రోగికి అక్కరకొచ్చేది కాదని నా అభిప్రాయం.

దీన్ని తిప్పి పట్టుకోకండి. కన్నీటి గ్రంథి దగ్గర ఏ వాపు వచ్చినా ముక్క తీయించుకోవద్దని నేను అనడం లేదు. స్కాన్‌లో పిండి ముద్దలా పరుచుకుని ఉంటే, లింఫోమా అనుమానం ఉంటే, ముక్క తీయకపోతేనే తప్పు. నొప్పి, తిమ్మిరి, ఎముక కొరుకుడు ఉన్నా అంతే. అలాగే ఎవరో స్టెరాయిడ్ బిళ్ళలు ఇచ్చారు, వాపు తగ్గింది, ఇంక ఫర్వాలేదనుకోవడమూ తప్పే. మామూలు వాపు తగ్గుతుంది నిజమే. లింఫోమా కూడా కొన్నాళ్ళు తగ్గి, పరీక్షకు దొరక్కుండా దాక్కుంటుంది. అడినోమా మాత్రం స్టెరాయిడ్లకు లొంగదు. ఇంక ఆకు పసరు సంగతి చెప్పక్కర్లేదు. పసరు కంట్లో పోస్తే గడ్డకు చేరదు, నల్లగుడ్డు పాడవుతుంది.

పొర తెగితే ఏమవుతుందో నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. ఆపరేషన్లు కొత్తగా సొంతంగా చేస్తున్న రోజుల్లో ఒక యువకుడికి ఈ గడ్డ తీశాను. బాగానే వస్తోంది. చివర్లో వెనక అంచు దగ్గర జారిపోతుంటే పట్టకారుతో పట్టుకున్నాను. చిన్న చప్పుడు కూడా కాలేదు, పొర చిరిగి తెల్లటి జిగురు ఒక బొట్టు బయటికొచ్చింది. కడిగాను, పక్క కండ కొంచెం కోసేశాను, సర్దుకున్నాను. పదకొండేళ్ళ తర్వాత అతను వచ్చి, "సార్, మీరు గుర్తుపట్టారా?" అంటే ముఖం కాదు, ముందు కనుబొమ గుర్తుపట్టాను. రెండోసారి ఆపరేషన్ మొదటిదానిలా ఉండదు. ఎక్కడెక్కడ ఎన్ని గింజలున్నాయో వెతుక్కోవాలి, కండరాలు అతుక్కుపోయి ఉంటాయి. ఆ రోజు నుంచీ ఈ ఆపరేషన్‌లో గడ్డను పట్టకారుతో ముట్టుకోను. నా దగ్గర నేర్చుకునే పిల్లల చేతుల్లోనూ ఉండనివ్వను.

మరి ఎలా తీస్తాం? గడ్డ చిన్నదై ముందుకి ఉంటే పై రెప్ప మడతలోనే కోత పెట్టి తీయొచ్చు. మచ్చ మడతలో కలిసిపోతుంది. వెనక్కి పాకి, గుంటను నింపేసి ఉంటే, చోటు చాలదు. ఇరుకులో లాగితే పొర చిరుగుతుంది. అప్పుడు కన్ను పక్కగోడ, అంటే కణత వైపున్న ఎముక ముక్కను తాత్కాలికంగా తీయాలి. ఎముక కోయడమనగానే ఇంటివాళ్ళ ముఖాలు వాడిపోతాయి. తలుపు వెడల్పు చాలక బీరువా లోపలికి రాకపోతే చట్రం విప్పి, బీరువా జరిపి, మళ్ళీ బిగిస్తాం. అలాంటిదే ఇదీ.

ఈ దారి 1888లో వేసినవాడు జ్యూరిక్‌లో పనిచేసిన క్రోన్లైన్ అనే సర్జన్. దాన్ని సులువు చేసినవాళ్ళలో ఒకడు మూర్‌ఫీల్డ్స్‌లోనే పనిచేసిన స్టాలార్డ్. ఈయన గురించి ఒక ముచ్చట. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 1500 మీటర్ల పరుగులో కంచు పతకం తెచ్చుకున్నాడు. చారియట్స్ ఆఫ్ ఫైర్ అనే సినిమాలో ఆయన పాత్ర కూడా ఉంది. అంత వేగంగా పరిగెత్తే మనిషి, ఏ మాత్రం తొందరపడకూడని ఆపరేషన్‌కి పేరు మిగుల్చుకున్నాడు. నాకిది ఎప్పుడు తలుచుకున్నా నవ్వొస్తుంది.

సిద్దిపేట ఆవిడకి పక్కగోడ తీయాల్సే వచ్చింది. పూర్తి మత్తు. కనుబొమ కింది నుంచి కణత వైపుకి కోత. ఎముక మీది పల్చటి పొరను విప్పి, చిన్న రంపంతో పైనా కిందా గాట్లు పెట్టి, అగ్గిపెట్టెలో సగమంత ఎముక ముక్కను విడదీసి తడి గుడ్డలో చుట్టి పక్కన పెట్టాం. ఆ తర్వాత అంతా వేళ్ళ పని, తడి దూది పని. గడ్డ మీద ఎముక లోపలి పొరను కూడా విప్పకుండా దాంతోనే కలిపి, చుట్టూ కొంచెం మంచి కండ ఉంచి, తడి దూదితో మెల్లగా విడదీస్తూ పోవాలి. కంటి కండరం కొంచెం లాగినట్టయితే గుండె వేగం పడిపోతుంది. ఆ రోజు కూడా మత్తు డాక్టరమ్మ, "సార్, ఒక్క నిమిషం వదలండి" అంది. వదిలాం. మిషను చప్పుడు మళ్ళీ మామూలుగా వినిపించాక మొదలుపెట్టాం.

ఇక్కడ ఒక చిక్కుంది. కన్నీటి గ్రంథికి రెండు భాగాలు, మేడ ఇంట్లా. గడ్డ సాధారణంగా పైఅంతస్తులో పుడుతుంది. పైఅంతస్తు నీళ్ళు కిందికి దిగే గొట్టాలు కింది అంతస్తు గుండానే పోయి కంట్లో తెరుచుకుంటాయి. కింది భాగాన్ని ఉంచగలిగితే కంటికి కొంత నీరు మిగులుతుంది. కానీ గడ్డ దానికి అంటుకుని ఉంటే ఉంచకూడదు. మొహమాటానికి పోయి పొర తెంపుకోవడం కంటే కన్ను కొంచెం ఎండటమే నయం. రెప్పల లోపల చిన్న చిన్న ఊటలు ఇంకా చాలా ఉంటాయి. రోజువారీ తడికి అవి చాలవరకు సరిపోతాయి.

గడ్డ చేతిలోకి వచ్చింది. రాచ ఉసిరికాయంత. నున్నగా లేదు, అక్కడక్కడ బొడిపెలు. పొర చెక్కుచెదరలేదు. ఎముకను దాని చోట పెట్టి చిన్న పలకలతో బిగించి కుట్టేశాం. గడ్డను కోయకుండా, ఉన్నది ఉన్నట్టుగా, పెథాలజీకి పంపాం. కోసి లోపల చూడాలని చేయి దురద పెడుతుంది, ఒప్పుకుంటాను. కానీ పొర చుట్టూ పూర్తిగా ఉందా లేదా అని చెప్పాల్సింది పెథాలజిస్టు. కోసిన గడ్డ పంపితే ఆయన చెప్పలేడు. రిపోర్టు వారానికి వచ్చింది. మైక్రోస్కోపు కింద ఒకచోట చిన్న గొట్టాలు, ఒకచోట జిగురు, ఒకచోట మృదులాస్థి లాంటి ముక్కలు. అన్ని రకాలూ ఒకే గడ్డలో ఉంటాయి కాబట్టే దానికి మిశ్రమ కణితి అన్న పేరు. చెవి కింద ఉండే లాలాజల గ్రంథిలోనూ సరిగ్గా ఇలాంటి గడ్డే వస్తుంది.

ఆపరేషన్ అయిన మొదటి రాత్రి మాకు నిద్ర ఉండదు. లోపల రక్తం చేరితే చూపు నరం నలుగుతుంది. అందుకే నర్సు పదేపదే వచ్చి టార్చి వేసి, "అమ్మా, వెలుగు కనపడుతోందా?" అని అడుగుతుంది. నిద్ర చెడగొడుతున్నారని విసుక్కోకండి. భరించలేని నొప్పి వచ్చినా, చూపు తగ్గినట్టు అనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు. మిగతావి సర్దుకునేవే. వారం పది రోజులు కన్ను కమిలి ఉంటుంది. కొన్ని వారాలు రెండుగా కనపడొచ్చు. రెప్ప కొంచెం వాలినట్టు ఉండొచ్చు. కణత మీద ఒక బిళ్ళంత చోట మొద్దుబారి ఉంటుంది. అది కొందరికి పూర్తిగా పోదు.

"కన్ను తీసేస్తారా సారూ?" అని ఆపరేషన్ ముందు రోజు ఆవిడ అడిగింది. ఈ ప్రశ్న అందరూ అడగరు, కానీ అందరి మనసులోనూ ఉంటుంది. ఈ గడ్డకు కన్ను తీయరు. చూపు నరం దానికి చాలా దూరం. మూడో నెలలో ఆవిడ మళ్ళీ మిషను ఎక్కింది. పాత అద్దాలే సరిపోయాయి, నాలుగు బతుకమ్మల కిందటివి.

కూతురి పెళ్ళయ్యాక ఆవిడ ఒకసారి చూపించుకోవడానికి వచ్చింది. అంతా బాగుందన్నాను. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, "ఒక్క ముచ్చట సారూ. పిల్లను అప్పగించేటప్పుడు ఒక్క కన్నే ఏడ్చింది. ఎడమ కన్ను ఊకెనే చూస్తుండె. చుట్టాలు ఏమనుకున్నరో" అంది. అది మామూలేనని, ఏడుపు నీళ్ళు ఆ పెద్ద ఊట నుంచే వస్తాయని, ఆ ఊటనే మనం తీసేశామని చెప్పాను. నవ్వింది. ఆపరేషన్ ముందు ఈ విషయం ఆవిడకి చెప్పి ఉండాల్సింది. ఎండుతుంది, చుక్కలు వేసుకోవాలి అని చెప్పాను గాని, ఏడ్చే మాట నాకు తట్టలేదు. అప్పటి నుంచీ అందరికీ ముందే చెబుతున్నాను.

ఆవిడ ఇంకా ఏడాదికోసారి వస్తుంది. పెథాలజీ రిపోర్టును ప్లాస్టిక్ కవర్లో పెట్టి రేషన్ కార్డుతో కలిపి దాచింది. ఈ గడ్డ తీయించుకున్నవాళ్ళు చేయాల్సింది సరిగ్గా అదే. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ కాగితంలో పొర పూర్తిగా ఉంది అన్న ఒక్క వాక్యం ఇంకో డాక్టరుకి ఎంతో చెబుతుంది.

పెద్దవాళ్ళలో కన్ను ముందుకు రావడానికి ఎక్కువసార్లు కారణం థైరాయిడ్ జబ్బు. కాబట్టి కన్ను ఉబ్బిన ప్రతివాళ్ళూ ఈ గడ్డే అనుకుని బెంగపడొద్దు. కానీ ఒక్క కన్ను మాత్రమే, నొప్పి లేకుండా, కిందికి దిగుతుంటే కళ్ళద్దాల షాపుతో ఆగకండి. ఇలాంటి ఆపరేషన్లు చేసేవాళ్ళను ఆక్యులోప్లాస్టీ డాక్టర్లంటారు. హైదరాబాదులో సరోజినీ దేవి కంటి ఆసుపత్రి ఉంది, ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. విశాఖపట్నం, కర్నూలు ఊళ్ళలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రులున్నాయి. వాళ్ళే చేయకపోతే ఎవరి దగ్గరికి వెళ్ళాలో వాళ్ళు చెబుతారు. ఎవరైనా ముక్క తీద్దామంటే, భయపడకుండా, మర్యాదగానే, "స్కాన్‌లో గుండ్రంగా ఉందా డాక్టర్ గారూ, పరుచుకుని ఉందా?" అని ఒక్క మాట అడగండి. వెళ్ళేటప్పుడు ఐదేళ్ళ కిందటి ఫోటో ఒకటి వెంట తీసుకెళ్ళండి. పెళ్ళిదైనా, బతుకమ్మదైనా, ఏదైనా సరే, ముఖం నేరుగా కెమెరా వైపు ఉన్నది.